ముంపు నేలలయందు సౌరవిద్యుత్తు

విద్యను గూర్చి ముచ్చటింపుమని సంఘమువారు మమ్ము కోరిరి. బడిపంతులు విద్యను గూర్చి చెప్పగా మీరు పలుమాఱులు వినియేయున్నారు. కావున నేడు వేఱొక విషయమును మీ విచారణకు దెచ్చుచున్నాము. ఏటియొడ్డున వరద ముంచు పల్లపు నేలలలో పురపాలక సంఘములు సూర్యఫలకములను నిలిపి కరెంటు తీయుట తగునా, తగినచో నెట్లు?

ఇది మనకేల యని యడుగవచ్చును. మన కులపురుషుడగు భావనాఋషి మార్కండేయ మహర్షి కుమారుడనియు, సూర్యపుత్రికయగు భద్రావతీదేవిని పరిణయమాడెననియు పెద్దలు చెప్పుదురు. అట్లగుటచే సూర్యభగవానుడు మనకు మాతామహుడు. మార్కండేయుడో, భారతమున అరణ్యపర్వకథను బట్టి ప్రళయజలములలో నొంటరిగా దిరుగాడినవాడు. ఎండతోను వెల్లువతోను మనకున్నంత చుట్టఱికము మఱెవరికిని లేదు!

పరిహాసమటుండనిండు. 2009 అక్టోబరు మొదటివారమున తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినప్పుడు ఈవలి గట్టున అలంపురమును, రాజోలియు నీటిపాలైనవి. రాజోలి నేతగాండ్ర గ్రామమని మీ రెఱిగినదే. గుంటమగ్గము సంగతియు మీకు వేఱుగా జెప్పనక్కఱలేదు. నేతగాడు కాళ్లుంచు గుంటలోనికి నీరు దిగెనా, ఊరిలో వరద తీసినను గుంటలో తీయదు. పడుగు బురదయగును, పట్టుకండెలు చెడును, అప్పు మాత్రము చెడక నిలుచును. వరద యెంతయెత్తు వచ్చునను ప్రశ్న మనవారికి పుస్తకములలోని ప్రశ్న గాదు.

పురపాలకులు పల్లపు నేలవైపు చూచుటలో తప్పులేదు. ఒక మెగావాటు సౌరవిద్యుత్తునకు 4, 5 ఎకరములు కావలయును. ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వచ్చును. వీధిదీపములకును, మంచినీటి పంపులకును చెల్లించు సొమ్ము ఆ మేరకు మిగులును. పట్టణమధ్యమున అన్ని యెకరము లెక్కడివి? ఏటియొడ్డు నేల చౌక. అది చౌకయగుటకు కారణము ఏఱే.

నీరును విద్యుత్తును మన సీమలో చిరకాలపు పొత్తుగాండ్రు. జూరాలయొద్ద కృష్ణమ్మ 234 మెగావాట్ల యంత్రములను త్రిప్పుచుండగా, అచ్చటనే 1 మెగావాటు సూర్యఫలకములును గలవు. విశాఖపట్టణపు నగరపాలక సంస్థవారు 2018లో ముడసర్లోవ జలాశయముపై 2 మెగావాట్ల ఫలకములను తేలగట్టిరి. రామగుండమున 2022లో జలాశయముపై సుమారు 500 ఎకరముల మేర 100 మెగావాట్ల తేలుడు కేంద్రము పూర్తియైనది. అయితే నీటిపై తేలునది నీటితో గూడ లేచును. నేలలో పాతినది లేవజాలదు. మనవారు తలచునది రెండవ తెఱగుది గనుక ఆ యుదాహరణములతో తృప్తినొందరాదు.

నీటిలో మునిగిన యంత్రముల పాటు మన సీమలోనే చూచితిమి. 2020 అక్టోబరులో కొల్లాపుర సమీపమున ఎల్లూరియందలి కల్వకుర్తి ఎత్తిపోతల పంపుల గృహము నీట మునిగినది. నీటిని ఎత్తుటకై పెట్టిన మోటార్లే నీటిపాలైనవి! నీటిమట్టము పెరిగినప్పుడు తమంతట పనిచేయు సైఫనులకు పేరొందిన సరళాసాగరము కట్ట 2019 డిసెంబరు 31న తెగినది. అది వానకాలమా? కాదు. కాబట్టి వానలు వెనుకబట్టినవని ధీమాగ నుండుటయు చెల్లదు.

ఇంక నొక సంగతి సామాన్యులకు తెలియనిది. ఇంటిలో మెయిను తీసివేసిన దీప మాఱును. సూర్యఫలకము అట్టిది కాదు. ఎండ పడుచున్నంతసేపు దానిలో కరెంటు పుట్టుచునే యుండును. కేంద్రమును ఆపివేసినను ఫలకముల వరుసలలో ప్రాణాపాయకరమైన శక్తి నిలిచియుండును. నడుములోతు నీటిలో పశువును వెదకుకొనుచు వచ్చినవానికి ఆ తీగ తెగి నీట బడినదని యెవరు చెప్పుదురు? కావున ఫలకముల క్రిందియంచు 2009 నాటి నీటిగుఱుతునకు పైన నుండవలయును. ఇన్వర్టర్లు, ట్రాన్సుఫార్మర్లు అంతకంటెను ఎత్తైన తిన్నెలపై నుండవలయును. స్తంభముల మొదటి మన్నును ప్రవాహము కోసికొనిపోవును. నల్లరేగడియైనచో తడిసి యుబ్బి, ఎండి బీటలువాఱును. పునాది ఆ లోతెఱిగి వేయవలయును. చుట్టు కంచెకు కొట్టుకొనివచ్చిన కంపయు చెత్తయు తగులుకొన్నచో కంచెయే కట్టయై, నీటిని ప్రక్కనున్న వాడలపైకి మరల్చును. ఆ వాడలలో మగ్గము లున్నవేమో ముందే చూడవలదా?

ఇన్ని చేసిన పిమ్మట చౌకనేల చౌక కాకపోవచ్చును. అప్పుడు బడుల మిద్దెలు, మార్కెటు కప్పులు, కులసంఘముల కల్యాణమండపములు గలవు. వాని నేల తొక్కుట మేలు. కాగితమున బంజరని వ్రాసిన నేలలో పశువులు మేయుచుండును, బట్టలుతుకు రేవులుండును. ఆ జీవనముల వారిని అడుగకయే కంచె వేయుటకు మేము సమ్మతింపము.

అలంపురము, ఆత్మకూరు, కొల్లాపురము వంటి నీటిచేరువ పట్టణములలో మనవారు కౌన్సిలర్లుగా నున్నచో, ఇట్టి తీర్మానమునకు చేయెత్తుటకు ముందు మూడు కొలతల నడుగవలయునని కోరుచున్నాము. ఆ చోట నిదివఱకు నిలిచిన మిక్కిలి యెత్తు నీరెంత? ఫలకము క్రిందియంచు ఎంతయెత్తు? ఇన్వర్టరు గది నేల ఎంతయెత్తు? ఈ మూడును గుత్తపత్రమున వ్రాయింపుడు. మొదటి కొలత ఇంజనీరుగారి చిట్టాలో దొరకకున్న, గోడమీద నీటిచాఱను చూపగల పెద్దలు ఏటియొడ్డు గ్రామములలో నింక నున్నారు. సున్నము వేసి ఆ చాఱను మాపకమునుపే వారిని వెంటబెట్టుకొని పోయి కొలిపింపుడు.