బిగిసిన బోల్టు, తొందరపడ్డ చేయి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి, మెకానిక్కును కాను. అయినా మోటారు సైకిలు ఇంజనులో విరిగిన బోల్టుల సంగతి మాట్లాడతానని అడిగి మరీ ఈ పది నిమిషాలు తీసుకున్నాను. ఎందుకంటే చేవెళ్ళ, మొయినాబాద్ షెడ్లలో పానా పట్టిన పిల్లల్లో చాలామంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒకడికి నేను బాకీ పడి ఉన్నాను.

నాకొక పాత బుల్లెట్ ఉంది. చలికాలం ఒక పొద్దున స్టార్టు కాలేదు. ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టాను. గట్టిగా ఉండాలని పానాకు ఇనుప పైపు తొడిగి బిగించాను. కొన్ని నెలల తర్వాత చేవెళ్ళ నుంచి వస్తుంటే మర్రిచెట్ల కింద బండి ఆగిపోయింది. నెట్టుకుంటూ షెడ్డుకు చేర్చాను. అక్కడ పనిచేసే నా పాత విద్యార్థి ప్లగ్గుకు పానా వేశాడు. కదల్లేదు. బలం పెట్టాడు. ప్లగ్గు తల విరిగి చేతికొచ్చింది. చూడీలు, అంటే మరలు ఉన్న ముక్క హెడ్డులోనే ఉండిపోయింది.

ఉస్తాద్ అందరి ముందు వాణ్ణి తిట్టాడు. ఖర్చు జీతంలో కోస్తానన్నాడు. పైపు తొడిగింది నేనని నాకు తెలుసు. నోరు విప్పలేదు. మర్నాటి నుంచి కుర్రవాడు పనికి రాలేదు.

ఉస్తాద్ చేసిన పని మాత్రం చూసి నేర్చుకోదగింది. పింగాణీ ముక్కలు లోపల పడితే సిలిండరు గీసుకుపోతుందని ముందు హెడ్డు విప్పాడు. ముక్క చుట్టూ నూనె వేసి రాత్రంతా ఉంచాడు. తెల్లారి పెట్రోలుకు దూరంగా పెట్టి హెడ్డును వేడి చేశాడు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే సుమారు రెండింతలు సాగుతుంది, కాబట్టి రంధ్రం కాస్త వదులవుతుంది. తర్వాత మొన సన్నగా ఉన్న నాలుగు పలకల కడ్డీని ముక్కలోకి మెల్లగా కొట్టి తిప్పాడు. బిగుసుకున్నప్పుడల్లా కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకు. ముక్క వచ్చింది. కాని హెడ్డు చూడీలు కూడా దానితోపాటే వచ్చేశాయి. హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్టతో కొత్త చూడీలు వేయించాల్సి వచ్చింది.

చిన్న బోల్టులకూ ఇదే ఓపిక కావాలి. విరిగిన ముక్క కొంచెం పైకి ఉంటే పకడుతో పట్టవచ్చు. స్టడ్డయితే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, కింది నట్టును విప్పే వైపు తిప్పవచ్చు. లేదా పైన ఒక నట్టు వెల్డింగు చేయిస్తే ఆ వేడికే పట్టు సగం వదులుతుంది. లోపలికి విరిగితే సరిగ్గా నడిమధ్య పంచి కొట్టి సన్న డ్రిల్లు వేయాలి. పక్కకు పోయిందా, అల్యూమినియం తెగుతుంది. ఈజీ అవుట్ చాలా గట్టి ఉక్కు, కాని పెళుసు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొయ్యలేదు. అందుకే కదలకపోతే అక్కడే ఆగి లేత్ షాపుకు తీసుకుపోవాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు ఐదు మిల్లీమీటర్ల డ్రిల్లు నడిమధ్య వేయగలిగితే మిగిలిన పలచటి చూడీలను సూదితో ఏరి, ట్యాపుతో శుభ్రం చేసుకోవచ్చు.

అసలు విరగకుండా చూడటం ఇంకా సులువు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు కావలసిన బిగింపు ఎంత? మీటరు పొడుగు కడ్డీ చివర ఒక కిలో బరువు వేలాడదీసినంత. అంతే. పానాకు పైపు తొడిగితే చేతికి లెక్క తెలియదు. కొత్త ప్లగ్గు వేళ్ళతో చివరి వరకు తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు చాలు. పాత ప్లగ్గయితే ఇంకా తక్కువ. ఇంజను వేడిగా ఉండగా ప్లగ్గు విప్పకూడదు.

నాలుగో రోజు నేను కుర్రవాడి ఇంటికి పోయాను. "బేటా, తప్పు నాది" అన్నాను. వాడు తల వంచుకుని, "నాకు తెలుసు సార్. పానా మీద పైపు గుర్తు మీ ఇంట్లో చూశాను" అన్నాడు. తెలిసీ నా పేరు చెప్పలేదు! ఆ మాటకు నాకు కళ్ళు తిరిగినంత పనైంది. వాణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళి, ఉస్తాద్ ముందు, అప్పుడున్నవాళ్ళందరి ముందు నిజం చెప్పి డబ్బు కట్టాను. వాడు మళ్ళీ పనిలో చేరాడు.

పెద్దలకు నా విన్నపం ఒకటే. మన సంఘం ఒక సెట్టు ట్యాపులు, డ్రిల్లులు, పాత ఇంజను ఒకటి కొని ఆదివారాలు ఈ పిల్లలకు నేర్పిస్తే బాగుంటుంది. పారేసే ఇంజను మీద చెయ్యి తప్పినా ఎవరి జీతం కోయనక్కర్లేదు. సైన్సు పాఠం నేను చెప్తాను, పని ఉస్తాద్ చూపిస్తానన్నాడు.