అరబ్బుల ఇంటి మాట – మన ఇంటి మాట
(మన సంఘ వార్షిక సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మేము నూలు వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారము. అట్టి మేము అరబ్బీ భాషను గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కారణము మా ఇంటిలోనే జరిగిన ఒక చిన్న సంగతి.

గత వేసవిలో బెజవాడ నుండి మా బంధువుల పిల్లలు వచ్చిరి. భోజనమునకు పిలువగా మా తల్లిగారు "నేను అప్పుడే తింటిని" అనిరి. పిల్లలు పకపక నవ్విరి. "తింటిని కాదు మామ్మా, తిన్నాను అనాలి" అని ఒకడు దిద్దెను. ఆమె ఏమియు అనలేదు. కాని ఆ సాయంకాలము మొదలు మా పిల్లలతో కూడ తమిళముననే మాటలాడసాగిరి. డెబ్బది యేండ్లు పలికిన మాటకు ఆమె సిగ్గుపడిరి. మాకు మనసు చివుక్కుమనెను.

ఆ దినములలోనే కువైటులో పనిచేయు మన యువకుడొకడు సెలవుపై వచ్చి ఒక సంగతి చెప్పెను. అరబ్బులు చదువునది ఒక భాష, ఇంట పలుకునది వేరొక భాష యట. "ఇప్పుడు" అను మాటకు గ్రంథములలో "అల్ ఆన్" అని యుండును. కైరో వారు "దిల్వాతి" అందురు. దమస్కు వారు "హల్ల" అందురు. బాగ్దాదు వారు "హస్స" అందురు. మొరాకో వారు "దాబా" అందురు. ఈ మాట విని మేము కొన్ని గ్రంథములు తెప్పించితిమి. తెలియనిచోట కాలేజీ అధ్యాపకులను అడిగి తెలిసికొంటిమి.

చదువుల భాషయు, ఇంటి భాషయు ఇట్లు వేరువేరుగా నడచుటను ఫెర్గూసన్ అను అమెరికా పండితుడు 1959లో వివరించెను. అతడు చూపిన నాలుగు ఉదాహరణములలో అరబ్బీ ఒకటి. అంతకుముందే 1915లో బెర్గ్‌స్ట్రెసర్ అను జర్మను పండితుడు సిరియా, పాలస్తీనాల పలుకుబడులకు పటములు వేసి ప్రచురించెను. ఒకే మాటను ఊరూర అడిగి, ఏ ఊర ఎట్లు పలుకుదురో పటముపై గుర్తించుట ఈ పని పద్ధతి. ఎవరి మాటను దిద్దరాదు. విన్నది విన్నట్లే వ్రాయవలెను.

మమ్ము మిక్కిలి కదలించినది బాగ్దాదు నగరపు కథ. హైమ్ బ్లాంక్ అను పండితుడు 1964లో ఆ నగరపు పలుకుబడులపై ఒక గ్రంథము వెలువరించెను. "నేను అంటిని" అను అర్థమున ముస్లిములు "గిలిత్" అందురు. అచటి క్రైస్తవులు, యూదులు "కెల్తు" అనెడివారు. గ్రంథభాషలో అది "కుల్తు". అనగా "నేను" అని తెలుపు చివరి "తు" సంఖ్యలో తక్కువైన ఆ ఇండ్లలోనే నిలిచినది! దీనికి బ్లాంకు చెప్పిన కారణము ఇది. 1258లో మంగోలులు బాగ్దాదును ధ్వంసము చేసిన పిమ్మటి శతాబ్దములలో ఎడారి తెగలవారు ఆ ప్రాంతమున స్థిరపడిరి. వారి పలుకు నగర ముస్లిములకు అలవడెను. తక్కిన రెండు మతములవారి ఇండ్లలో పాత నగరపు మాట నిలిచెను. ఇది మతమునకు సంబంధించిన విషయము కాదు. ఉత్తరముననున్న మోసుల్ పట్టణమున ముస్లిములును "కెల్తు" అనియే అందురు.

మా తల్లిగారి "తింటిని" యు ఇట్టిదే కదా! తీరాంధ్రమున "తిన్నాను" వాడుకయైనది. దక్షిణమున మన పెద్దలు "తింటిని, వస్తిని, పోతిని" అందురు. ఆ "తిని" మన కావ్యభాషలోనిదే. ఇప్పుడు మేము "తెలిసికొంటిమి" అన్నప్పుడు ఎవరును నవ్వలేదు. వేదికపై గౌరవము పొందిన మాట వంటయింట నవ్వుల పాలగుట న్యాయమా?

మన మాటలో పొరుగు భాష కలిసినదని కొందరి ఆక్షేపణ. ఉజ్బెకిస్తానములో బుఖారా చెంత కొన్ని పల్లెలలో అరబ్బీ పలుకువారున్నారు. గ్రంథముల అరబ్బీలో క్రియ సాధారణముగా ముందు వచ్చును. ఈ పల్లెలవారు పొరుగు భాషలవలె దానిని వాక్యము చివర నుంతురు. త్సెరెతెలి అను జార్జియా పండితుడు వారి పలుకులను సేకరించి 1956లో ప్రకటించెను. చెడిపోయిన అరబ్బీయని త్రోసివేయక, ఇరుగుపొరుగులతో వారు బ్రతికిన చరిత్రగా పండితులు దానిని చదువుచున్నారు.

ఇక హెచ్చరిక వంటి కథ యొకటి. సైప్రసు ద్వీపమున కొర్మకీతి అను గ్రామపు మారొనైటు క్రైస్తవులు శతాబ్దములుగా గ్రీకు భాష నడుమ తమ అరబ్బీని కాపాడుకొనిరి. దానిని వారు "సన్న" అందురు. "మన భాష" అని అర్థము. 1974 యుద్ధముతో ఊరు చెదరెను. జనులు దక్షిణమునకు పోయిరి. పిల్లలు గ్రీకుకు మరలిరి. 2008లో ప్రభుత్వము ఆ భాషను గుర్తించెను. అప్పటికి దానిని ధారాళముగా పలుకువారు చాలవరకు వృద్ధులే. అలెగ్జాండర్ బోర్గ్ అను పండితుడు ముందుగనే ఆ మాటలను సేకరించి యుండుటచేత నేడు వారి పిల్లలకు చదువుకొనుటకు కొంత ఆధారము మిగిలినది.

మన సంగతి యేమి? భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశము ఆంధ్రప్రదేశ్ రైతుల మాటలను పదిలపరచినది. ఎల్లకు వెలుపలనున్న మన ఇండ్ల మాటలను మనమే వ్రాసికొనవలెను.

కావున మా మనవి. ప్రతి ఇంటికి ఒక నోటుపుస్తకము మా అంగడి నుండి ఇచ్చెదము. వంట, మగ్గము, సేద్యము, పెండ్లి, చావు – వీనికి సంబంధించిన పెద్దల మాటలు అందు వ్రాయుడు. పలికినవారి వయస్సు, ఊరు చేర్చుడు. దిద్దకుడు. తెలుగు లిపి రాని పిల్లలు తమిళ లిపిలో వ్రాసినను దోషము లేదు. అరబ్బీ నుండి పుట్టిన మాల్టా భాష రోమను లిపిలోనే వ్రాయబడుచు 2004 నుండి ఐరోపా సమాఖ్య అధికార భాషలలో ఒకటిగా నున్నది. చేతి ఫోనులో గొంతు పట్టి యుంచినచో మరియు మేలు.

మా ఇంటి పుస్తకమున మొదటి మాట "తింటిని". దానిని మా కుమార్తె వ్రాసినది. వ్రాయుచుండగా మా తల్లిగారు ప్రక్కన కూర్చుండి, "ఇంకొకటి చెప్పెదను, వ్రాయవే" అనిరి. తెలుగుననే అనిరి.

సెలవు.