స్పెక్ లేని డిజైన్‌ని ఏం చూసి టెస్ట్ చేయాలి?

చిప్ వెరిఫికేషన్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, డిజైన్ కోడ్ ఇచ్చారు, స్పెక్ మాత్రం లేదు. ఏం చూసి టెస్ట్ రాయాలి?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

స్పెక్ అంటే డిజైన్ ఏం చేయాలో రాసిపెట్టిన కాగితం. అది లేకపోతే చాలామంది కోడ్ చదివి, అది చేసేదే కరెక్ట్ అనుకుని టెస్టులు రాసేస్తారు. అన్నీ పాస్ అవుతాయి. స్టూడెంట్ రాసిన పేపర్‌నే కీ అనుకుని అదే పేపర్ దిద్దితే నూటికి నూరు రావా మరి?

ఒక ఉదాహరణ చెప్తాను. ఫిఫో అంటే క్యూ లాంటిది, ముందొచ్చిన డేటా ముందు బయటికి వెళ్తుంది. 16 స్థానాలూ నిండిపోయాయి, 17వది వచ్చింది. దాన్ని వదిలేయాలా? పాతదాని మీద రాసేయాలా? ఎర్రర్ చూపించాలా? కోడ్ వీటిలో ఏదో ఒకటి చేస్తుంది. అది కావాలని పెట్టిందా, పొరపాటున వచ్చిందా అన్నది మాత్రం కోడ్ చెప్పదు. మనిషే చెప్పాలి.

మనసులో ఉన్నది కాగితం మీదికి రాకపోతే ఏమవుతుందో ఏరియాన్ 5 రాకెట్ చూపించింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి మొదటిసారి లేచి, దాదాపు 40 సెకన్లలో దారి తప్పి పేలిపోయింది. దిశ చూసుకునే సాఫ్ట్‌వేర్ పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చిందే. కొత్త రాకెట్‌కి అడ్డంగా వెళ్లే వేగం ఎక్కువ. దానికి సంబంధించిన 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టలేదు. మెయిన్, బ్యాకప్ రెండింట్లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి రెండూ ఆగిపోయాయి.

విచారణలో ఏం తేలిందో వినండి. అలా పొంగే ప్రమాదం ఉన్న వేరియబుల్స్ 7. నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడు వదిలేశారు. ఎందుకు వదిలారో సోర్స్ కోడ్‌లో రాసి లేదు. ఆ పరికరం స్పెక్‌లో ఏరియాన్ 5 వెళ్లే దారి వివరాలూ లేవు.

మరి మనం ఏం చేయాలి?

ఒకటి, స్పెక్ లేకపోతే ఒక పేజీ మీరే రాయండి. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, రీసెట్ తర్వాత స్థితి, హద్దులు, తప్పు డేటా వస్తే ఏం జరగాలి.

రెండు, డిజైనర్‌ని "ఇది ఎలా పనిచేస్తుంది?" అని కాదు, "నిండాక ఇంకోటి వస్తే ఏం జరగాలి?" అని అడగండి. అదే ప్రశ్న చిప్‌ని వాడబోయే సాఫ్ట్‌వేర్ టీమ్‌నీ అడగండి. ఇద్దరి జవాబులూ కలవకపోతే, ఒక్క టెస్ట్ కూడా రన్ చేయకముందే బగ్ దొరికినట్టే. జవాబులు మెయిల్‌లో తీసుకోండి.

మూడు, రిఫరెన్స్ మోడల్, చెకర్లు ఆ పేజీ చూసే రాయండి, కోడ్ చూసి కాదు.

నాలుగు, పాత బ్లాక్ తెచ్చి వాడుతుంటే "అప్పట్లో బాగానే పనిచేసింది" అన్న మాటతో ఆగకండి. కొత్త చోట హద్దులు ఏంటో మళ్ళీ అడగండి.

ఇన్ని ప్రశ్నలు అడిగితే ఏమీ రానివాడు అనుకుంటారేమోనని చాలామందికి భయం. కానీ చిప్ ఒకసారి తయారై వచ్చాక అందులోని సర్క్యూట్‌ని దిద్దలేం. అడగాల్సిన టైమ్ ఇదే, అడగాల్సింది మీరే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.