వ్యాఖ్యాత భృతి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



వృత్తిచే గ్రామపు లెక్కలు వ్రాయువాడను. కావ్యములు గురువు లేకయే చదువుకొంటిని. లేకయే యనుట సరికాదు. నాకు రఘువంశము చెప్పినవాడు మెదకు సీమవాడైన కొలాచల మల్లినాథసూరి. ఆయన సంజీవనీ వ్యాఖ్యయే లేనిచో నావంటివానికి మూలము మూలనే యుండెడిది. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ఆయన నియమము.

నేడు నేను మనవిచేయు విషయము కంప్యూటరునకు సంబంధించినది. కొందరు నవ్వుదురు; నవ్వనిండు. ఓపెన్ సోర్సు అను సాఫ్ట్‌వేరు కలదు. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, వెల లేక పంచుకొనవచ్చును. ఉత్తరములకును, పద్దులకును పనికివచ్చు లిబ్రె ఆఫీసు అట్టిది. దాని వాడుక పుస్తకములను స్వచ్ఛంద సేవకులు ఆంగ్లమున వ్రాయుచున్నారు. తెలుగు మాత్రమే తెలిసిన మన చందాదారునకు అవి యక్కరకు రావు. సాఫ్ట్‌వేరు చేసినవానికి తన పని మిక్కిలి తెలియును. కొత్తవాడు ఎచ్చట తొట్రుపడునో అదొక్కటే తెలియదు. పైగా ఆరేసి నెలలకొక కొత్త కూర్పు వెలువడుచుండును. నేడు వ్రాసిన వ్యాఖ్య ఏడాది తిరుగునప్పటికి పాతబడును.

ఇట్టి పని అభిమాన మొక్కటిచేతనే సాగునా? బ్రౌనుదొర కడపలో తన సొంత సొమ్ముతో పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించి, వ్యాఖ్యలు చేయించెను. జూలూరి అప్పయ్య మొదలగు ఆ పండితులు భాషాభిమానులే. అయినను జీతము పుచ్చుకొనిరి. అందు చిన్నతన మేమి?

2019లో గూగుల్ సంస్థ ఇట్టి పుస్తకముల కొరకే ‘సీజన్ ఆఫ్ డాక్స్’ అను ఏర్పాటు చేసెను. మొదట రచయితలకే నేరుగా పైకమిచ్చెడిది. 2021 నుండి పైకమును సాఫ్ట్‌వేరు బృందములకే యిచ్చి, రచయితను వారే యెన్నుకొనునట్లును, ముందు అంచనాయు తరువాత నివేదికయు సమర్పించునట్లును మార్చెను. లెక్కలవాడను గనుక నాకీ రెండవ పద్ధతి నచ్చినది. పని యెరిగినవారి చేతనే పద్దుండవలెను.

మన యెచ్చెర్లలో 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసినది. మన మండలముననే, ఎస్.ఎం.పురమున, ట్రిపుల్ ఐటీ యున్నది. విషయమెరిగిన విద్యార్థులకు కొదువ లేదు. భాష దిద్దుటకు విశ్రాంత ఉపాధ్యాయులు కలరు. వీరికంటె ముఖ్యుడు మూడవవాడు, ఏమియు తెలియనివాడు. వ్రాసినదానిని అతడు చదివి, చదివినట్లు చేసి చూడవలెను. అతడాగిన చోటనెల్ల గుర్తు పెట్టవలెను. పద్దులు వ్రాసికొను భాగముతో మొదలిడుదము. ఆ పరీక్షకు మన అంగళ్లవారే చాలుదురు.

ఒకనికి పైకమిచ్చి వేరొకనికి మానినచో మనసులు నొచ్చును. కావున దేనికిత్తుమో, దేనికీయమో ముందే వ్రాసి గోడకంటింపవలెను. వ్రాయుటకు, చదివి చూచుటకు పైకము లేదు. విద్యార్థుల బస్సు ఖర్చునకు, అచ్చునకు, ఏటేట దిద్దువానికి కలదు. తొలి యచ్చునకు దాతలు దొరకుదురు, పేరు పడును గనుక. దిద్దుబాటునకెవరు నీయరు. అందుచే దిద్దుబాటు పద్దునే ముందు తెరువవలెను.

ఉత్సవపు మిగులుతో శిలాఫలకము వేయింతమని కొందరి కోరిక. అందు సగమైనను ఈ పద్దునకు జమకట్టుడని నా ప్రార్థన. కార్యదర్శిగారియొద్ద పుస్తకమున్నది. అందు నేను రెండు గళ్లు గీసితిని: పనిచేయువారికొకటి, పైకమిచ్చువారికొకటి. రెంటను వ్రాయదలచినవారికి అభ్యంతరము లేదు.