కొమ్ముపురుగు - క్వారంటైను కట్టడి - పంచాయతీ బాధ్యత

(కొబ్బరి పండించు గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా ప్రసంగమునకు విషయము ఒక పురుగు. పన్నులు, రోడ్లు, మంచినీటి పథకములు ముందుంచుకొని కూర్చున్న సభలో పురుగును గూర్చి మాట్లాడుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. కాని ఈ పురుగు మీకు క్రొత్తది కాదు. నల్లగా నిగనిగలాడుచు, తలపై ఒక కొమ్ము కలిగి, చీకటి పడిన పిమ్మట దీపముల చుట్టు రివ్వున తిరుగునట్టి కొమ్ముపురుగే అది. కొబ్బరిమట్ట విచ్చుకొనగానే కత్తెరతో కత్తిరించినట్లు కనిపించు ఆకును చూచి, "కొమ్ముపురుగు తగిలినది" అని మన పల్లెలలో చిన్నపిల్లలు సైతము చెప్పుదురు.

మనకు ఇంత పరిచయమైన ఈ పురుగే సముద్రములకు ఆవల కొన్ని దీవులలో కొబ్బరిచెట్లను వేలకు వేలుగా చంపినది. దానిని ఆపుటకై అచ్చటి ప్రభుత్వములు క్వారంటైను నియమములు విధించినవి. అవి ఎట్టివి, ఎచ్చట ఫలించినవి, ఎచ్చట తప్పిపోయినవి, వాని వలన మన పంచాయతీలు నేర్వదగినది ఏమి అను సంగతులను నేడు మీకు విన్నవింపదలచినాము.

ముందుగా ఈ పురుగు బ్రతుకును తెలిసికొందము. తల్లిపురుగు చెట్టుపై గ్రుడ్లు పెట్టదు. పెంటకుప్పలలో, ఎరువు గోతులలో, రంపపు పొట్టు దిబ్బలలో, కూలి కుళ్ళిన కొబ్బరి మోడులలో, తాటి మోడులలో పెట్టును. సుమారు 10 దినములలో పిల్లలు బయటపడును. అవి తెల్లగా, లావుగా, వంకర తిరిగి, నెలల తరబడి ఆ కుళ్ళునే తిని పెరుగును. ఆ దశలో చెట్టుకు హాని లేదు. రెక్కలు వచ్చిన పిమ్మట పురుగు రాత్రివేళ ఎగిరి, మొవ్వులోనికి తొలుచుకొనిపోయి, లేత భాగమును నమలి రసము పీల్చును. మొవ్వులోని మొలక భాగము తెగినచో ఇక ఆ చెట్టు బ్రతుకదు. తెగకున్నను, ఆ గాయమున ఎర్ర ముక్కుపురుగు చేరి చెట్టును లోలోపల గుల్లచేయును.

దీనిని బట్టి తేలునది ఒక్కటే. చెట్టును కొరుకునది పురుగు. కాని పురుగును పెంచునది మన దిబ్బ. దానిని దూరమునకు మోయునది మన బండి. ఈ మూడు మాటలను మనసున ఉంచుకొన్నచో, క్వారంటైను నియమముల అర్థము సులభముగా బోధపడును.

కొమ్ముపురుగు మన ఆసియా ఖండపు ప్రాణి. పసిఫిక్ సముద్రపు దీవులలో పూర్వము లేదు. 1909వ సంవత్సరమున సిలోను నుండి సమోవా దీవులకు రబ్బరు మొక్కలు పంపబడినవి. ఆ మొక్కలతోపాటు ఈ పురుగు కూడ పోయినది. పంపినవారికిని తెలియదు, అందుకొన్నవారికిని తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అది పలావు దీవులకు చేరినది. సుమారు 10 సంవత్సరములలో అచ్చటి కొబ్బరిచెట్లలో సగము వరకు నశించినవి. 1953లో ఫిజీ దీవులలో కనబడినది. మన తోటలలో దీనిని తినునవి, దీనికి రోగము తెచ్చునవి తరతరములుగా ఉన్నవి. అందువలన మనకిది నష్టము కలిగించినను తోటలను తుడిచిపెట్టలేదు. ఆ దీవులలో అట్టి పగవారు లేకపోవుటచే అది విచ్చలవిడిగా పెరిగినది.

దీనికి విరుగుడు కొంతవరకు లభించినది. 1963లో హ్యూగర్ అను శాస్త్రజ్ఞుడు మలయా దేశపు కొమ్ముపురుగులలో ఒక వైరసు రోగమును కనుగొనెను. 1967లో ఆ వైరసును సమోవాలో విడిచిరి. పురుగుల బెడద చాల తగ్గినది. పలు దీవులవారు ఇక భయము తీరినదని తలచిరి. కాని 2007వ సంవత్సరమున గువాము దీవిలో కొమ్ముపురుగు కనబడినది. దానిపై ఆ వైరసు పనిచేయలేదు. వైరసుకు లొంగని క్రొత్త తెగ అది అని తరువాత పరిశోధనలలో తేలినది. కంటికి రెండు తెగలును ఒక్కటిగానే ఉండును. 2009లో పాపువా న్యూగినీ రాజధానియైన పోర్ట్ మోర్స్‌బీలోను, 2013 డిసెంబరులో హవాయి రాష్ట్రపు ఓహు దీవిలోను, 2015లో సాలమన్ దీవులలోను ఆ తెగ బయటపడినది.

ఇక క్వారంటైను మాటకు వత్తము. పూర్వము ఇటలీ దేశపు వెనిస్ నగరమునకు వచ్చు ఓడలను మహమ్మారి భయముచే 40 దినములు రేవు వెలుపల నిలిపెడివారు. నలువది అను అర్థముగల వారి మాటనుండియే క్వారంటైను అను పేరు వచ్చినది. మనుషుల రోగమునకు పుట్టిన ఆ కట్టడి నేడు మొక్కలకును వర్తించుచున్నది. ఉన్న చోటనే నిలుపుట, పరీక్షించుట, శుభ్రమని తేలిన పిమ్మటనే కదలనిచ్చుట దాని సారాంశము.

గువాములో పురుగు కనబడిన ప్రాంతమును వెంటనే కట్టడికి లోబరచిరి. వాసన ఎరలుగల బుట్టలు వ్రేలాడగట్టిరి. కుళ్ళిన మోడులను వెదకి తొలగించిరి. పిల్లపురుగుల వాసన పసిగట్టుటకు కుక్కలకు సైతము శిక్షణ నిచ్చిరి. అయినను పురుగు కొద్ది సంవత్సరములలో దీవి అంతటను వ్యాపించినది. 2015 మే నెలలో వచ్చిన తుపానులో అసంఖ్యాకముగా చెట్లు కూలినవి. ఆ దుంగలు తొలగింపబడక ఎక్కడివక్కడ కుళ్ళినవి. పురుగుకు దీవి అంతయు పురిటిల్లయినది.

హవాయిలో జరిగిన సంగతి మరింత ఆలోచింపదగినది. ఓహు దీవిలో పురుగు 2013లోనే కనబడినను, ఆ దీవి నుండి ఇతర దీవులకు ఎరువు, చెట్ల నరుకుడు, కుళ్ళిన మోడులు, తాటి కొబ్బరి జాతి మొక్కలు అనుమతి లేనిదే పంపరాదను నిర్బంధ నియమము 2022 జూలైలో గాని రాలేదు. ఎనిమిదిన్నర సంవత్సరములు గడిచినవి. 2023లో కౌవాయి దీవిలోను, హవాయి పేరుగల పెద్ద దీవిలోను పురుగు బయటపడినది. నియమము చెడ్డది కాదు; నిర్బంధముగా వచ్చుటలో ఆలస్యమైనది. గట్టు తెగిన పిమ్మట కట్టిన కట్ట వంటిదయినది.

అయినచో ఈ పురుగును ఎవ్వరును పూర్తిగా వెళ్ళగొట్టలేకపోయిరా? వెళ్ళగొట్టినవారు కలరు. టోంగా రాజ్యమునకు చెందిన నియువాటోపుటాపు అను చిన్న దీవిలో 1920 ప్రాంతమున ఈ పురుగు ప్రవేశించినది. నాడు వైరసు లేదు, వాసన ఎరలు లేవు. దీవిలోని కుళ్ళిన మోడులను, దిబ్బలను ఏరి, వెదకి, తొలగించు పనిని 1922 మొదలు 1930 వరకు విడువక సాగించిరి. తుదకు పురుగు ఆ దీవి నుండి మాసిపోయినది. గొప్ప ధనము గల ప్రదేశములు చేయలేకపోయిన పనిని ఒక పల్లెవంటి దీవి చేసినది. అందుకే ఈ కథను మీ యెదుట చెప్పుచున్నాము. పల్లె చిన్నదగుట ఈ పనిలో లోపము కాదు, బలము. ఎవరి దొడ్డిలో ఏ కుప్ప ఉన్నదో, ఏ తోటలో ఏ మోడు పడియున్నదో పట్టణమునందలి అధికారికి తెలియదు. మీకు తెలియును.

సభ్యులారా, కొమ్ముపురుగు మనకు పాతది కదా, ఈ దూరదేశపు కథ మనకేల అని మీరడుగవచ్చును. మన పురుగు వారికి చేసిన హానిని విన్నారు. అట్లే ఇతరుల పురుగులు మన చెట్లకు హాని చేయగలవు. చేయుచునే యున్నవి. కొబ్బరిపై వచ్చు సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా ప్రాంతమునకు చెందినది. 2016లో అది మన దేశమున పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటలలో కనబడి, అచిరకాలములోనే గోదావరి మండలములకు చేరినది. ఆకుల అడుగున తెల్లని పిండి, ఆకులపై నల్లని మసి చూచినవారు ఈ సభలో ఎందరో కలరు. దోమ తన రెక్కలతో సముద్రము దాటి రాలేదు. అట్టి పురుగులు మొక్కల వెంట, మట్టి వెంట, మనిషి వెంట వచ్చును.

పరదేశపు పురుగులను ఆపుటకు మన దేశమున చట్టము లేకపోలేదు. 1914లోనే వినాశకర కీటకముల, తెగుళ్ళ చట్టము ఏర్పడినది. దిగుమతియగు మొక్కలను, విత్తనములను పరీక్షించుటకు 2003లో సమగ్రమైన ఉత్తరువు వెలువడినది. విశాఖపట్టణము రేవున క్వారంటైను కేంద్రము పనిచేయుచున్నది. కాని రేవున ఉన్న అధికారి ఓడను చూడగలడు. మన ఊరి పొలిమేర దాటు ఎరువు బండిని చూడలేడు. ఆ చోట కాపలా మనదే.

ఈ కాపలా ఎట్లు కాయవలెనో కొన్ని సూచనలు మనవి చేసెదము.

మొదటిది, కూలిన చెట్టును తోటలో పడియుండనీయరాదు. తుపాను తరువాత ఇది మరింత ముఖ్యము. 1996 నవంబరు తుపాను కోనసీమను, 2018 అక్టోబరున వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానమును ఏమి చేసినవో మీరెరుగుదురు. అట్టి సమయమున రైతు దుఃఖములో ఉండును; దుంగలు తీయించుటకు చేత కాసు ఉండదు. కనుక సహాయపు పనులను చర్చించునపుడు దారులు, దీపములతోపాటు దుంగల తొలగింపును కూడ పంచాయతీ జాబితాలో చేర్చవలెను.

రెండవది, ఎరువు గోతులను ఏడాది పొడవున కదలింపక వదలరాదు. అప్పుడప్పుడు తిరుగవేసి పిల్లపురుగులను ఏరివేయవలెను. కోళ్ళు వానిని ఇష్టముగా తినును. పిల్లపురుగులకు రోగము తెచ్చు మెటారైజియం అను పచ్చని శిలీంధ్రమును గోతిలో కలుపుట మంచి పద్ధతి. దీనిని గూర్చి, తెల్లదోమకు మందగు శిలీంధ్రమును గూర్చి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారి సలహా పొందవచ్చును. లేత చెట్ల మొవ్వు చుట్టునున్న మట్టల మొదళ్ళలో వేపపిండిని సమానముగా ఇసుకతో కలిపి వేసినచో పురుగు దరి చేరుట తగ్గును.

మూడవది, మొక్క గాని, పశువుల ఎరువు గాని ఊరిలోనికి వచ్చునపుడు ఎచ్చటినుండి వచ్చినదో అడిగి వ్రాసి ఉంచవలెను. ఆకుల అడుగుభాగము చూడవలెను. కుప్పను పారతో త్రవ్వి చూడవలెను. తెగులు తగిలిన తోటలోని మొక్కను బంధువులకు కానుకగా ఇచ్చుట ప్రేమ కాదు.

నాలుగవది, ఎన్నడును చూడని పురుగు గాని, ఎన్నడును చూడని రీతిగా చెట్లు ఎండుట గాని కనబడినచో ఆ దినముననే రైతు సేవా కేంద్రమునకు గాని, ఉద్యాన అధికారికి గాని తెలుపవలెను. పురుగును సీసాలో మూతవేసి చూపవలెను. ప్రాణముతో మరియొక ఊరికి కొనిపోరాదు. ఊరికి చెడ్డపేరు వచ్చునని దాచుట మహా ప్రమాదము. తెలిపిన రైతును తప్పు చేసినవానివలె చూచినచో, రెండవ రైతు తెలుపడు.

చివరిది, న్యాయమునకు సంబంధించినది. కట్టడి పెట్టినపుడు మొదట దెబ్బ తగులునది ఎరువు అమ్ముకొని బ్రతుకు బీదవానికి, మొక్కలు పెంచుకొను చిన్న నర్సరీవానికి. "నా కుప్పలో పురుగు లేదు, నన్నేల ఆపెదరు?" అని అతడడుగును. ఆ ప్రశ్న సబబైనదే. కాని కుప్పలోపల దాగిన పిల్లపురుగు పైకి కనబడదు. ఒక బస్తాలోని నాలుగు పురుగులు ఒక ఊరికి చాలును. ఈ సంగతిని అతనికి ఓపికతో చెప్పవలెను. ఆపిన ఎరువును ఊరిలోనే కొనునట్లు చూడవలెను. చట్టము మనకు ఇయ్యని అధికారమును మనము చెలాయింపరాదు. అధికారము చాలని చోట అధికారులను పిలువవలెను. పంచాయతీ సభ్యుని దొడ్డిలోని కుప్ప ముందుగా శుభ్రపడినపుడే ఇతరుని కుప్పను గూర్చి మాట్లాడుటకు నోరు వచ్చును.

కొబ్బరిచెట్టు నాటినవాడు తన కొరకే నాటడు. మనుమలు నీడన కూర్చుండవలెనని, వారి యింట దీపము వెలుగవలెనని నాటును. అట్టి చెట్టును చంపుటకు పురుగుకు ఒక్క రాత్రి చొరబాటు చాలును. ఆ పురుగును ఆపుటకు మనకు చాల ధనము అక్కరలేదు; సకాలమున చేసిన పని, తెలిసినది దాచని నిజాయితీ కావలెను. ఈ సమావేశము నుండి మరలిపోయిన వారమే ప్రతి సభ్యుడును తన వార్డులోని కుప్పలు, మోడులు ఎన్ని యున్నవో లెక్కించి, వచ్చు పంచాయతీ సమావేశమున ఆ లెక్కను చదివి వినిపించుగాక అని కోరుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.