పెద్దమనుషులుగా కూర్చునే ముందు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తరఫున ఒక రాజీ కమిటీ వేయాలని కార్యవర్గం తలపెట్టింది. దాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంతోషంగానే ఒప్పుకున్నాము. తీరా రాయడానికి కూర్చుంటే మేమే దోషులుగా నిలబడవలసిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. అది దాచిపెట్టి కమిటీ గొప్పదనం చెప్పడం న్యాయం కాదు. కనుక దానితోనే మొదలు పెడతాము.

మూడేళ్ల కిందట కొల్లేటి ఒడ్డు గ్రామం నుంచి ఒక తండ్రి మన ఆఫీసుకు వచ్చాడు. పిల్లను పట్నంలో ఇచ్చాడు. అల్లుడు పిల్ల బంగారం అమ్మి చేపల చెరువు లీజులో వాటా తీసుకున్నాడు. ఆ ఏడు వరద వచ్చి గట్టు తెగి, చేప మొత్తం ఏట్లోకి పోయింది. ఇంట్లో గొడవ మొదలైంది. పిల్ల పుట్టింటికొచ్చింది. మేము అయిదుగురం ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దమనుషులుగా కూర్చున్నాము. టీలు తాగాము. రెండు గంటల్లో తేల్చేశాము. ఏడాదిలోగా బంగారం తిరిగి పెట్టాలి, పిల్ల కాపురానికి వెళ్లాలి. కాగితం రాసి రెండు వైపులా పెద్దల చేత సంతకాలు పెట్టించి బీరువాలో పెట్టుకున్నాము. ఆ ఏటి వార్షిక నివేదికలో “పరిష్కరించిన తగాదాలు” అనే లెక్కలో ఇది కూడా ఒకటి.

ఎనిమిది నెలలకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది, ఈసారి చంటిబిడ్డతో. బంగారం రాలేదు. మేము పలకరించబోతే అన్నది: “చాచా, ఆ రోజు నేను పక్క గదిలోనే ఉన్నాను. నన్నెవరు పిలిచారు? నా బంగారం తూకమెంతో మీలో ఒక్కరికైనా తెలుసా?”

తెలియదు. కాగితంలో తూకం రాయనే లేదు. మా అయిదుగురిలో నలుగురు అబ్బాయి తండ్రికి ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు. ఆలుమగల తగాదాకు అతని వైపు నుంచి ఒకరు, ఆమె వైపు నుంచి ఒకరు మధ్యస్థులుగా ఉండాలని సూరె నిసాలో ఉన్న సంగతి మాకు తెలియక కాదు. ఆ మధ్యాహ్నం ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

అప్పటినుంచి మధ్యవర్తి పని అంటే ఏమిటని అక్కడా ఇక్కడా చదవడం మొదలుపెట్టాము. మాకు ఎక్కువగా పనికొచ్చినవి రెండు కథలు. ఒకటి మన తెలుగునేలది, రెండోది ఆఫ్రికాది. చిత్రమేమంటే రెంటిలోనూ పని చేసినవాళ్లు తమకు ఇంచుమించు ఒకే పేరు పెట్టుకున్నారు.

మన కథలో పెద్దమనిషి ఎస్.ఆర్. శంకరన్. ఐఏఎస్ అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర ఆయన్నీ మరికొందరు అధికారులనీ నక్సలైట్లు ఎత్తుకుపోయారు. తర్వాత విడిచిపెట్టారు. అలా ఎత్తుకుపోబడ్డ మనిషికి కసి ఉండటం సహజం. ఈయన పదేళ్ల తర్వాత, రిటైరయ్యాక, 1997లో పౌరస్పందన వేదికకు కన్వీనరయ్యారు. ఇంగ్లీషులో దాని పేరు కమిటీ ఆఫ్ కన్సర్న్‌డ్ సిటిజెన్స్. పత్రికా సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు, ప్రొఫెసర్ హరగోపాల్ వంటివారు అందులో ఉన్నారు. ఒక చేతిలో అధికారం లేదు, ఇంకో చేతిలో తుపాకీ లేదు. అటు పోలీసు ఎన్‌కౌంటర్లు, ఇటు నక్సలైట్ల హత్యలు, మందుపాతరలు. మధ్యలో నలిగిపోయే పల్లెలకు వెళ్లి జనం చెప్పింది విన్నారు. రెండు పక్షాలకూ ఉత్తరాలు రాశారు. ఇద్దరి తప్పునూ ఇద్దరికీ చెప్పారు. అందుచేత ఇద్దరికీ కొంత కోపమే.

2002లో చర్చల ప్రయత్నం జరిగి చెడింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మీద దాడి జరిగింది. ఇక అయిపోయింది అనుకున్నారు అందరూ. వేదిక వాళ్లు మాత్రం మానలేదు. 2004లో ప్రభుత్వం మారింది, కాల్పుల విరమణ కుదిరింది. ఆ అక్టోబరులో పీపుల్స్‌వార్, జనశక్తి ప్రతినిధులు అడవి నుంచి బయటికొచ్చి 15 నుంచి 18 వరకు హైదరాబాదు మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వంతో ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రభుత్వం వైపు హోంమంత్రి జానారెడ్డి, అటు రామకృష్ణ. ఏడేళ్ల తిరుగుడుకు ఫలం నాలుగు రోజులు!

ఆ నాలుగు రోజులూ నిలబడలేదు. రెండో విడత జరగనే లేదు. ఆయుధాలు పట్టుకుని ఊళ్లలో తిరగడం మీద పేచీ, మళ్లీ ఎన్‌కౌంటర్లు, 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. 2005 ఆగస్టు 15న మక్తల్ శాసనసభ్యుడు నర్సిరెడ్డిని చంపారు. ఒకటి రెండు రోజుల్లోనే నిషేధం తిరిగి వచ్చింది.

మరి ఇది ఓటమి కాదా అని మీరడుగుతారు. ఓటమే. కాని ఆ కొద్ది నెలలు కాల్పులు ఆగడం వల్ల బతికి ఇంటికి చేరిన కొడుకులు ఉన్నారు, పోలీసుల ఇళ్లలోనూ అడవి వైపు ఇళ్లలోనూ. చర్చల్లో భూమి మాట గట్టిగా వచ్చింది. ఆ ఏడు డిసెంబరులోనే కోనేరు రంగారావు అధ్యక్షతన భూ కమిటీ ఏర్పడింది. శంకరన్ 2010 అక్టోబరులో కాలం చేశారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి. మనం రెండు గంటల రాజీకే నివేదికలో లెక్క రాసుకున్నామే అని చదువుతున్నంత సేపూ మాకు సిగ్గేసింది.

ఇక ఆఫ్రికా. కెన్యా దేశానికి ఈశాన్య మూల వజీర్ అనే జిల్లా ఉంది. మంత్రి అనే వజీరు కాదు, ఊరి పేరే అది. ఎండ దేశం, పశువుల మీద బతికే సోమాలీ ముస్లింలు. 1990ల మొదట్లో కరవు వచ్చింది, పక్కన సోమాలియా కూలి తుపాకులు చవకయ్యాయి. నీటి గుంటల కోసం, మేత కోసం వంశానికీ వంశానికీ మధ్య చంపుకోవడం మొదలైంది. అందరిదీ ఒకే కలిమా, ఒకే భాష. మతం ఒకటైతే తగాదా రాదనేవాళ్లకు ఇది జవాబు.

అక్కడ ముందు కదిలింది ఆడవాళ్లు. ఒక పెళ్లిలో కలిసినప్పుడు మొదలైన మాట అది. దేఖా ఇబ్రహీం అబ్దీ అనే యువతి అందులో ముందు నిలిచింది. 1964లో అక్కడే పుట్టిన పిల్ల. వాళ్లు పెద్ద పెద్ద సంధి పత్రాలతో మొదలుపెట్టలేదు. సంతతో మొదలుపెట్టారు. ఒక వంశం ఆడవాళ్లు ఇంకో వంశం వాళ్లకు అమ్మటం, వాళ్ల దగ్గర కొనటం మానేశారు. ఆ సంతలో ఎవరైనా ఎవరికైనా పాలు, కూరలు అమ్మవచ్చు, కొనవచ్చు అని ఒప్పందం చేసి, అది జరుగుతున్నదో లేదో చూడటానికి ఆడవాళ్లే కాపలా ఉన్నారు. గొడవొస్తే అక్కడికక్కడ కూర్చోబెట్టి మాట్లాడారు. సంత నిలబడ్డాక వంశాల పెద్దల దగ్గరికి వెళ్లారు. పెద్దల సభకు ఎవరు ముందుండాలి అన్నప్పుడు బలమైన వంశాల వాళ్లను కాదని, అన్నింటికన్నా చిన్న వంశం పెద్దాయన్ను ముందు పెట్టారు. ఆయనకు ఒకరిని అణిచే బలం లేదు గనుక ఎవరికీ భయం లేదు! 1993లో అల్ ఫతా ఒడంబడిక జరిగింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. ఎక్కడ పశువుల దొంగతనం జరిగినా, ఎవరు చచ్చినా, ప్రతీకారం మొదలు కాకముందే పెద్దలూ ఆడవాళ్లూ కుర్రాళ్లూ కలిసిన జట్టు అక్కడికి పరుగెత్తేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన ఆఫీసులో కూర్చున్న అయిదుగురిలో ఆడమనిషి ఒక్కరు లేరు. ఎందుకు లేరంటే, టీలు తెచ్చింది మాత్రం వాళ్లే అని ఒక మిత్రుడు హాస్యమాడాడు. అది హాస్యంలా వినపడలేదు మాకు.

2007 డిసెంబరు ఎన్నికల తర్వాత కెన్యా అంతా మండింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పుడు నైరోబీలో దేఖా, రిటైరైన సైన్యాధికారులు ఒపాండే, సుంబెయివో వంటి కొద్దిమంది కలిసి కన్సర్న్‌డ్ సిటిజెన్స్ ఫర్ పీస్ అని పెట్టుకున్నారు. మన వేదిక పేరుకు తోబుట్టువు పేరు. ఒకరినొకరు చూసి పెట్టుకున్నారని కాదు, ఆ పని చేసేవాడికి వేరే బిరుదు ఏముంటుంది? ఒక్క కోఫీ అన్నన్ పేరే మన పత్రికల్లో వచ్చింది. 2008 ఫిబ్రవరి 28న కిబాకీ, ఒడింగా ఆయన సమక్షంలో ఒప్పందం మీద సంతకాలు చేశారు, నిజమే. కాని పై స్థాయిలో సంతకాలు అయ్యేదాకా కింద మంటలు ఆర్పినవాళ్లు వీళ్లు. దేఖా 2011 జూలైలో రోడ్డు ప్రమాదంలో గాయపడి మరణించింది.

నైజీరియాలోని కడునాలో ఇమాం అషఫా, పాస్టర్ జేమ్స్ వూయె అనే ఇద్దరున్నారు. 1992 అల్లర్లలో చెరో వైపు కుర్రాళ్లను నడిపినవాళ్లు. వూయె చెయ్యి పోయింది, అషఫా గురువూ ఇద్దరు బంధువులూ పోయారు. ఆ ఇద్దరే 1995 నుంచి కలిసి రాజీల కేంద్రం నడుపుతూ వచ్చారు. వాళ్ల మీద సినిమా కూడా ఉంది, 2006లో వచ్చింది. వీలైతే ఒక ఆదివారం మన హాల్లో కుర్రాళ్లకు చూపించాలి.

మన కొల్లేటికి వద్దాము. ఇక్కడ తగాదాలకు కొదవ లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. 1970లలో సహకార సంఘాల పేరిట ఒడ్డు గ్రామాల వాళ్లకు చేపల చెరువులిచ్చారు. అవి క్రమంగా డబ్బున్నవాళ్ల లీజుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలి, అందులో మాకు రెండు మాటల్లేవు. కాని కాంటూరు గీసినవాడు గీశాడు, కోర్టు చెప్పింది చెప్పింది, పేల్చినవాడు పేల్చాడు. ఒడ్డు గ్రామం వాడినీ, లీజుదారునూ, అటవీ శాఖనూ, దిగువ వరి రైతునూ ఒక చాప మీద ఏళ్ల తరబడి కూర్చోబెట్టిన శంకరన్ మాత్రం మనకు కనపడలేదు. లీజు పోయిన అప్పు కడకు ఎవరి ఇంట్లో తేలుతుందో ఆ పిల్ల బంగారం చెబుతున్నది.

చట్టం విషయం క్లుప్తంగా. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో సామాజిక మధ్యవర్తిత్వం అనే భాగముంది. ఒక ప్రాంతంలో ఇరుగుపొరుగు శాంతికి భంగం తెచ్చే తగాదాకు, ఇరువైపుల సమ్మతితో, ముగ్గురు మధ్యవర్తులు. ఆ జాబితాలో స్త్రీలకు చోటు ఆలోచించమని చట్టమే చెప్పింది. అలా కుదిరిన ఒప్పందం మాత్రం డిక్రీలాగ అమలు కాదు. అంటే మాట మీదే నిలబడాలి. ఇక కొట్టడం, చంపుతామనడం వంటివి మన చాప మీదికి తేకూడదు. అవి పోలీసు స్టేషనుకే పోవాలి. పరువు పేరు చెప్పి ఆడపిల్లను ఆపే పెద్దమనిషితనం మనకొద్దు.

కార్యవర్గం తయారు చేసిన ఏడుగురి జాబితా మేము చూశాము. అందరూ మనవాళ్లే, మంచివాళ్లే, అందరూ ఏలూరు వాళ్లే, అందరూ మగవాళ్లే. మాది కూడా అందులో ఉంది. దాన్ని కొట్టేయమని అధ్యక్షులను కోరుతున్నాము. కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి, అందులో ఒకరైనా చదువు లేని ఇంటి నుంచి రావాలి. కొల్లేటి ఒడ్డు గ్రామాల్లో మన ఇళ్లు పదో పన్నెండో ఉన్న చిన్న ఊరి నుంచి ఒకరిని తెచ్చి కమిటీకి ముందు కూర్చోబెట్టాలి. ఒకే రోజు విని ఒకే రోజు తీర్పు చెప్పకూడదు. కుదిరిన తర్వాత మూడు నెలలకొకసారి ఇంటికి వెళ్లి చూసి రావాలి. “పరిష్కరించిన తగాదాలు” అనే లెక్క నివేదికలోంచి తీసేయాలి. పిల్ల బంగారం ఎంత తూకమో కాగితంలో గ్రాములతో రాయాలి.

ఆ పాత కాగితం బీరువాలోంచి తీశాము. రెండు వైపుల వాళ్లకూ కబురు పెట్టాము, మేము పొరబాటు చేశాము, మళ్లీ మొదటినుంచి వింటాము అని. అబ్బాయి వైపు వాళ్లు ఆలోచించి చెబుతామన్నారు. పిల్ల తండ్రి మా మొహం చూడటానికి కూడా ఇష్టపడలేదు. పిల్ల మాత్రం ఒక షరతు పెట్టింది. మన ఆఫీసుకు రానన్నది. వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత మేమే వాళ్ల ఊరు వెళుతున్నాము, తాడేపల్లిగూడెం నుంచి ఇద్దరు సోదరీమణులు తోడు వస్తున్నారు. బస్సు ఏలూరులో పన్నెండున్నరకు ఉంది. రావాలనుకునేవాళ్లు ఎక్కువమంది వద్దు, ఇంకొక్కరు చాలు.