పాఠ్యప్రణాళిక అనుసరణ: తరగతి ఉపాధ్యాయుని బాధ్యత

సిద్దిపేటలో నేడు పట్టాలు అందుకుంటూ ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లనున్నవారి తరగతుల్లో చూపు, వినికిడి, బుద్ధి వికాసం, చదివే తీరు తోటివారికి భిన్నంగా ఉండే పిల్లలు తప్పక ఉంటారు. విద్యాశాస్త్రం వారిని ప్రత్యేక అవసరాలు గల పిల్లలు అంటుంది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, తెలివికి లోటు లేకున్నా అక్షరాలో అంకెలో పట్టుబడని నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని కూడా అందులో చేర్చింది. దాని 17వ సెక్షన్ పాఠ్యప్రణాళికలోనూ పరీక్షల్లోనూ తగిన మార్పులు కోరుతూ, అదనపు సమయం, లేఖకుని సహాయం, రెండో మూడో భాషల మినహాయింపు వంటివాటిని పేర్కొన్నది.

వీటిలో మినహాయింపు అన్నిటికంటే తేలిక, కనుకనే అన్నిటికంటే ప్రమాదకరం. అభ్యసన లక్ష్యాన్ని కదపకుండా దానిని చేరే మార్గాన్ని మార్చడం అనుకూలనం. లక్ష్యాన్నే తగ్గించడం సవరణ. ఈ రెండూ కలిసి పాఠ్యప్రణాళిక అనుసరణ. వినికిడి లేని బాలునికి మూడో భాష తప్పించడం న్యాయమే కావచ్చు గాని, చూపు లేని బాలికను జ్యామితికి దూరం చేయడం అన్యాయం. అట్టపై దారం అంటించి త్రిభుజాన్ని వేలికి అందిస్తే ఆమె భుజాలను, కోణాలను తడిమి పోల్చగలదు. ఇలా మార్గం మార్చడం కొత్త కాదు: ఈ జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై గీసిన పటాన్ని కథకులు ఊరి నడుమ విప్పుతూ కథ చెప్పినప్పుడు, అక్షరం రాని శ్రోతకు కథలో ఏ ఘట్టమూ తగ్గలేదు. రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి అక్కడే చేసే మాస్కులు చూపు లేని పిల్లల చేతికి అందితే, పాఠంలోని పాత్రల ముఖకవళికలు వారి వేళ్లకు తెలుస్తాయి.

ఈ పనిలో, ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు తోడ్పడే మండల స్థాయి భవిత కేంద్రాలు, సమగ్ర శిక్ష పథకం కింద పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు ఎంతో విలువైన తోడు. ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రాథమిక స్థాయిలో అలాంటి 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. అయినా బడిలో చేరిన బిడ్డ ఎక్కువ గంటలు గడిపేది సాధారణ తరగతిలోనే గనుక, అనుసరణ మొదట తరగతి ఉపాధ్యాయుని పనే.

లక్ష్యాన్ని తగ్గించక తప్పని బిడ్డ విషయంలో, అంటే బుద్ధిమాంద్యం తీవ్రంగా ఉన్నప్పుడు, ఆ బిడ్డకే ప్రత్యేకించిన వ్యక్తిగత విద్యా ప్రణాళికను తల్లిదండ్రులతో కూర్చొని రాయాలి. భిన్నాల పాఠానికి బదులు అంగట్లో 20 రూపాయలిచ్చి చిల్లర సరిచూసుకోవడం అందులో లక్ష్యమైతే, మూల్యాంకనం కూడా పక్క బెంచీ పిల్లవాని మార్కులతో కాక, ఆ బిడ్డ పోయిన నెలలో ఎంతవరకు లెక్కపెట్టగలిగిందన్న దానితోనే పోల్చి జరగాలి.